రెండు గ్రాముల థోరియం

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఆవరణలో 3019 నంబరు భవనం ఒకటి ఉంది. అణుబాంబు పనులు ముమ్మరంగా సాగుతున్న 1943లో దాన్ని కట్టారు. యుద్ధం ముగిశాక కొన్ని దశాబ్దాల పాటు అందులో యురేనియం 233 దాచారు. ఇది గనుల్లో దొరికేది కాదు. థోరియాన్ని రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడికి గురిచేస్తే పుడుతుంది. దీన్ని ఇంధనంగా వాడి విద్యుత్తు తీయాలని ఒకప్పుడు గట్టి ప్రయత్నమే జరిగింది. 1968లో ఓక్ రిడ్జ్‌లోనే, కరిగిన లవణాలతో పనిచేసే ఒక చిన్న రియాక్టరును యురేనియం 233తో నడిపి చూశారు. ఆ తర్వాత ఆ దారి వదిలేశారు. సరుకు మిగిలిపోయింది. కాపలాకీ భద్రతకీ ఏటేటా ఖర్చు. ఎలాగోలా వదిలించుకుంటే చాలనుకునే స్థితికి వచ్చారు.

ఈలోగా ఆ డబ్బాల్లో ఒక మార్పు తనంతట తాను జరుగుతూ వచ్చింది. యురేనియం 233 అర్ధజీవిత కాలం, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, దాదాపు లక్షా అరవై వేల ఏళ్లు. అంత మెల్లగా అది థోరియం 229గా మారుతుంది. కిలో యురేనియాన్ని నలభై ఏళ్లు కదపకుండా ఉంచినా అందులో పుట్టే థోరియం 229 గ్రాములో ఐదో వంతు కూడా ఉండదు. ఆ థోరియం తిరిగి రేడియం 225గా, అది యాక్టీనియం 225గా మారతాయి. ఈ యాక్టీనియం 225 కోసమే ఇవాళ ప్రపంచంలోని పెద్ద మందుల కంపెనీలు, అణు పరిశోధన సంస్థలు, క్యాన్సర్ ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి. చాలాకాలం ప్రపంచమంతటికీ యాక్టీనియం సరఫరా చేసింది మూడే చోట్లు: ఓక్ రిడ్జ్, జర్మనీలోని కార్ల్స్‌రూ, రష్యాలోని ఒబ్నిన్స్క్. ఆ మూడు చోట్లా ఉన్న థోరియం 229 మొత్తం కలిపితే రెండు గ్రాముల లోపే.

యాక్టీనియం 225 విలువంతా అది విడిచే ఆల్ఫా కణంలో ఉంది. ఆ కణం కొత్తదేమీ కాదు. 1899లో రూథర్‌ఫర్డ్ దానికి పేరు పెట్టాడు. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్ద అది, అంటే హీలియం కేంద్రకం. బీటా కణంతో, అంటే కేంద్రకం నుంచి వెలువడే ఎలక్ట్రాన్‌తో పోలిస్తే ఏడు వేల రెట్లకు పైగా బరువు. ఒంటి మీద పడితే చర్మం పైపొర దాటి లోపలికి పోలేదు, ఒక కాగితం అడ్డం పెట్టినా ఆగిపోతుంది. ఒంట్లోకి చేరితే మాత్రం కథ వేరు. 2006లో లండన్‌లో అలెగ్జాండర్ లిత్వినెంకోను చంపిన పొలోనియం 210 ఆల్ఫా కణాలు విడిచే పదార్థమే. గత శతాబ్దపు తొలి రోజుల్లో గడియారాల అంకెలకు రేడియం రంగు పూస్తూ కుంచెను పెదవులతో మొన తీర్చిన అమెరికా కార్మిక యువతుల దవడ ఎముకలు పుచ్చిపోయింది కూడా ఈ కణాల వల్లే. అంతటి విధ్వంస శక్తిని క్యాన్సర్ కణం ఒక్కదాని మీదికే మళ్లించగలిగితే అన్నదే ఈ చికిత్సకు మూలమైన ఆలోచన.

ఆ విధ్వంసం ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. యాక్టీనియం 225 విడిచే ఆల్ఫా కణం కండలో ప్రయాణించే దూరం 50 నుంచి 90 మైక్రాన్లు. మన కణాల వెడల్పు పది, ఇరవై మైక్రాన్లు అనుకుంటే, నాలుగైదు కణాలు దాటేసరికి దాని పని అయిపోతుంది. ఇంత తక్కువ దూరంలో దాదాపు 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని కుమ్మరించి ఆగిపోతుంది. ఆ దారిలో అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే చోట్లు ఒకదానికొకటి రెండు నానోమీటర్ల దూరంలో ఉంటాయి. డీఎన్ఏ మెలిక వెడల్పు కూడా రెండు నానోమీటర్లే. దాంతో మెలికలోని రెండు పోగులూ ఒకే చోట తెగే అవకాశం చాలా ఎక్కువ. ఒక పోగు తెగితే రెండోదాన్ని చూసుకుని కణం దాన్ని అతికించుకుంటుంది. రెండూ ఒక్కచోటే తెగితే అతుకు కుదరదు. కుదిరినా తప్పుల తడకగా ఉంటుంది. అందుకే కేంద్రకం గుండా కొద్దిపాటి ఆల్ఫా కణాలు దూసుకుపోయినా కణం చచ్చిపోతుంది. అదే పని బీటా కణాలతో చేయాలంటే వందలూ వేలూ కావాలి.

మరో మేలు కూడా ఉంది. గట్టిపడిన కణితి నడిబొడ్డుకు రక్తం సరిగా అందదు, ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. మామూలు రేడియేషన్ చికిత్సకు ఆక్సిజన్ తోడు కావాలి కాబట్టి అలాంటి చోట దాని పదును తగ్గుతుంది. ఆల్ఫా కణాలకు ఆ బెడద దాదాపు లేదు. ఎముకల మజ్జలోకి సన్నగా పాకిన క్యాన్సర్ విషయంలో తక్కువ దూరమే వరం. బీటా కణం రెండు మిల్లీమీటర్ల దాకా పోయి పక్కనున్న మంచి మజ్జను కూడా కాలుస్తుంది. ఆల్ఫా అంత దూరం పోదు.

దీన్ని మందుగా మలచడానికి మూడు భాగాలు కూర్చాలి. క్యాన్సర్ కణం ఉపరితలాన్ని గుర్తుపట్టి అతుక్కునే అణువు ఒకటి. రేడియోధార్మిక పరమాణువును పట్టి ఉంచే రసాయన పంజరం ఒకటి. రెండింటినీ కలిపే లంకె ఒకటి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్ఎంఏ అనే ప్రొటీన్ దండిగా ఉంటుంది. దానికి అతుక్కునే పీఎస్ఎంఏ 617 అనే చిన్న అణువును జర్మనీలో హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దానికి బీటా కణాలు విడిచే ల్యుటీషియం 177ను తగిలిస్తే అమెరికాలో 2022 మార్చిలో అనుమతి పొందిన మందు అయింది. ల్యుటీషియం తీసేసి ఆ పంజరంలో యాక్టీనియం 225 పెడితే ఆల్ఫా మందు.

ఆల్ఫాతో మనుషులకు చికిత్స 1990ల్లోనే మొదలైంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో డేవిడ్ షైన్‌బర్గ్ బృందం, ఒక రకం రక్త క్యాన్సర్ రోగులకు ప్రతిరక్షకానికి బిస్మత్ 213 కట్టి ఇచ్చింది. దాని అర్ధజీవిత కాలం 46 నిమిషాలే. తయారుచేసి రోగి దగ్గరికి తీసుకెళ్లేలోపు సగం పోతుంది. 2013లో అమెరికా అనుమతించిన రేడియం 223కి ఈ తిప్పలు లేవు. ఎముక దాన్ని క్యాల్షియం అనుకుని తీసుకుంటుంది. అందుకే దానికి పంజరమూ అక్కర్లేదు, గుర్తుపట్టే అణువూ అక్కర్లేదు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులు 921 మందితో జరిపిన ప్రయోగంలో మధ్యస్థ ఆయుష్షు 11.3 నెలల నుంచి 14.9 నెలలకు పెరిగింది. మూడున్నర నెలలు తక్కువా ఎక్కువా అనేది అలాంటి రోగి ఇంట్లో ఉన్నవాళ్లను అడగాలి. ఎముక దాటి కాలేయానికో శోషరస గ్రంథులకో పాకిన జబ్బు మీద మాత్రం రేడియం పనిచేయదు. ఇప్పటిదాకా విస్తృత అనుమతి ఉన్న ఆల్ఫా మందు ఇదొక్కటే.

అందరి చూపునూ యాక్టీనియం వైపు తిప్పింది 2016లో వచ్చిన ఒక చిన్న నివేదిక. హైడెల్‌బర్గ్ వైద్యుడు క్లెమెన్స్ క్రాటోక్విల్, కార్ల్స్‌రూ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మార్గెన్‌స్టెర్న్, వారి సహచరులు ఇద్దరంటే ఇద్దరు రోగుల కథ రాశారు. ఇద్దరికీ ప్రోస్టేట్ క్యాన్సర్ ఒళ్లంతా పాకింది. ఒకరికి మజ్జ నిండా జబ్బు పరుచుకున్నందువల్ల ల్యుటీషియం ఇవ్వడానికే వీల్లేదు. మరొకరికి ఇచ్చినా లొంగలేదు. యాక్టీనియంతో చికిత్స చేశాక ఇద్దరి రక్తంలోనూ పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బు ఎంత ఉందో చూపే ప్రొటీన్) కొలతకు అందని స్థాయికి దిగిపోయింది. స్కాన్ బొమ్మల్లో ముందు ఒంటినిండా నల్లటి మచ్చలు, తర్వాత ఏవీ లేవు. ఆ బొమ్మలు వైద్య సభల్లో ఎన్నిసార్లు చూపించారో లెక్కలేదు. ఇద్దరు రోగులతో ఏదీ రుజువు కాదన్నది నిజం. అయినా అన్ని చికిత్సలూ అయిపోయినవాళ్లలో ఆ ఫలితం కనిపించడం మామూలు విషయం కాదు. 2019లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నుంచి మైక్ సతేగే బృందం మరో నివేదిక ఇచ్చింది. కీమో ఇంకా తీసుకోని 17 మందికి యాక్టీనియం ఇస్తే 14 మందిలో పీఎస్ఏ 90 శాతానికి పైగా తగ్గింది. పెద్ద సంఖ్యలో రోగులను చీట్లు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి పోల్చే ప్రయోగాల ఫలితాలు ఇంకా రావాలి.

ఈ మందు ఎంత ఇస్తారో చెబితే నమ్మబుద్ధి కాదు. రేడియోధార్మికతను బెకరెల్ లెక్కన కొలుస్తారు. కిలో బరువుకు వంద కిలోబెకరెల్ చొప్పున ఎనభై కిలోల మనిషికి 8 మెగాబెకరెల్. యాక్టీనియం 225 బరువులోకి మారిస్తే అది నాలుగు నానోగ్రాములకు కూడా చేరదు. గ్రాములో వంద కోట్లో వంతు నానోగ్రాము. సీసాలో కనిపించేది ఉప్పునీరే. ఆ మందును తయారుచేసే రేడియో ఫార్మసిస్టుకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. పంజరంలోకి యాక్టీనియం అంతా చేరిందా, బయట మిగిలిందా అని పరీక్షించాలంటే యాక్టీనియాన్ని నేరుగా పసిగట్టడం కష్టం. దాని బిడ్డ ఫ్రాన్షియం 221, మనవడి తర్వాతి వరస బిస్మత్ 213 విడిచే గామా కిరణాలను కొలవాలి. పరీక్ష పట్టీ మీద మందు చుక్క వేసి ద్రావకంలో పాకించిన వెంటనే లెక్కపెడితే తప్పుడు అంకె వస్తుంది. పాత బిడ్డలు చచ్చి, కొత్త బిడ్డలు పుట్టి, తల్లితో లెక్క కుదిరేదాకా కనీసం అరగంట ఆగాలి. ఫ్రాన్షియం అర్ధజీవిత కాలం అయిదు నిమిషాల లోపు కాబట్టి ఆ మాత్రం ఓపిక సరిపోతుంది. బిస్మత్‌ను నమ్ముకుంటే గంటలు పడుతుంది.

ఆ వంశంలోనే అసలు చిక్కు ఉంది. యాక్టీనియం 225 ఒక్కసారి ఆల్ఫా విడిచి ఊరుకోదు. ఫ్రాన్షియం, అస్టటీన్, బిస్మత్, పొలోనియంల మీదుగా చివరికి స్థిరమైన బిస్మత్ 209గా మారేలోపు మొత్తం నాలుగు ఆల్ఫా కణాలు వెలువడతాయి. ఒక్క పరమాణువు నుంచి నాలుగు దెబ్బలు కాబట్టే దానికి అంత బలం. అయితే మొదటి ఆల్ఫా బయటికి దూకినప్పుడు మిగిలిన కేంద్రకం వెనక్కి తన్నుకుంటుంది. ఆ తన్నులో లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. రసాయన బంధాలను తెంపడానికి కొద్దిపాటి ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. అంటే ఎంత గొప్ప పంజరం అల్లినా మొదటి దెబ్బకే అది బద్దలవక తప్పదు. పైగా పంజరం యాక్టీనియం కొలతకు అల్లింది, ఫ్రాన్షియం రసాయన స్వభావం పూర్తిగా వేరు. విడిపోయిన ఫ్రాన్షియం రక్తంలో కలిస్తే, కాసేపటికి బిస్మత్‌గా మారి మూత్రపిండాల్లో చేరుతుంది. మిగిలిన దెబ్బలు అక్కడ పడతాయి.

దీనికి పరిష్కారం పంజరంలో దొరకదు, జీవశాస్త్రంలో దొరుకుతుంది. అతుక్కున్న మందును క్యాన్సర్ కణం తొందరగా తన లోపలికి లాగేసుకుంటే, ఆ తర్వాత విడిపోయిన బిడ్డలు కూడా ఆ కణంలోనే చిక్కుకుంటారు. అందుకే లోపలికి పోయే గుణం ఉన్న అణువులనే ఎక్కువగా ఎంచుకుంటున్నారు. పంజరాల మెరుగుదల కూడా ఆగలేదు. పాతదైన డోటా పంజరంలో యాక్టీనియం కూర్చోవాలంటే మందును బాగా వేడి చేయాలి. ప్రతిరక్షకాలు ఆ వేడికి పాడైపోతాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ విల్సన్ బృందం వెలుగులోకి తెచ్చిన మాక్రోపా అనే పెద్ద పంజరంలో గది ఉష్ణోగ్రత వద్ద కొద్ది నిమిషాల్లోనే యాక్టీనియం ఇమిడిపోతుంది.

రోగుల వైపు నుంచి పెద్ద ఫిర్యాదు నోరెండిపోవడం. పీఎస్ఎంఏ మందులు క్యాన్సర్‌తో పాటు లాలాజల గ్రంథుల్లో కూడా చేరతాయి. ఆల్ఫా అక్కడ పడితే గ్రంథి దెబ్బతింటుంది. అన్నం మింగడానికి ముద్ద ముద్దకీ నీళ్లు తాగాలి, రుచి తెలియదు, రాత్రి నాలుక అతుక్కుపోయి మెలకువ వస్తుంది. హైడెల్‌బర్గ్ అనుభవంలో దాదాపు పది మందిలో ఒకరు ఈ బాధకు తట్టుకోలేక, మందు పనిచేస్తున్నా చికిత్స మానేశారు. పీఎస్ఏ అంకెలు చూసి సంబరపడే వ్యాసాల్లో ఈ మాట ఒక వాక్యంలో తేల్చేయడం నాకు నచ్చదు. మిగిలిన రోజులు ఎలా గడుస్తాయన్నది కూడా చికిత్సలో భాగమే. మోతాదు తగ్గించడం, ల్యుటీషియంతో కలిపి ఇవ్వడం వంటి మార్గాలు ప్రయత్నిస్తున్నారు.

ఇక సరఫరా. కార్ల్స్‌రూలోనైనా ఓక్ రిడ్జ్‌లోనైనా పద్ధతి ఒక్కటే. థోరియం 229ను అలా ఉంచితే అందులో రేడియం, యాక్టీనియం ఊరుతూ ఉంటాయి. కొన్ని వారాలకోసారి గాఢ నైట్రిక్ ఆమ్లంలో కరిగించి రెజిన్ నింపిన గొట్టం గుండా పంపుతారు. థోరియం రెజిన్‌కు అంటుకుని ఆగిపోతుంది, రేడియం, యాక్టీనియం కిందికి జారతాయి. ఆ రంగంలో వాళ్లు దీన్ని పాలు పితకడం అంటారు. ప్రపంచంలో ఏడాది పొడుగునా ఇలా వచ్చింది దాదాపు 63 గిగాబెకరెల్. బరువులో 29 మైక్రోగ్రాములు. కాగితం మీద వేల మంది రోగులకు సరిపోయేట్టు కనిపిస్తుంది గానీ, యాక్టీనియం అర్ధజీవిత కాలం పది రోజులు. రవాణాలో, నిల్వలో, వాడకం కుదరని వారాల్లో కరిగిపోయేది చాలా ఉంటుంది. యాక్టీనియం మందును పరీక్షిస్తున్న రేజ్‌బయో కంపెనీ 2024లో తన మూడో దశ ప్రయోగంలో కొత్త రోగులను చేర్చుకోవడం కొంతకాలం ఆపేసింది. కారణం మందు పనిచేయకపోవడం కాదు, యాక్టీనియం దొరకకపోవడం. అప్పటికి కొద్ది నెలల ముందే ఆ కంపెనీని బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 410 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. అంత డబ్బుతో కూడా ఆ వారం కావలసిన మైక్రోగ్రాము కొనలేకపోయారు.

3019 భవనంలోని యురేనియం నుంచి వైద్యం కోసం థోరియం తీసే ప్రణాళిక ఒకటి ఉండేది. 2005లో అమెరికా కాంగ్రెస్ దాన్ని రద్దు చేసి, సరుకును వ్యర్థంగా పారేయమంది. అప్పటికి యాక్టీనియం మీద ఇంత ఆశ లేదన్నది నిజమే. కానీ ఒకసారి పలచన చేసి పాతిపెట్టిన యురేనియం నుంచి థోరియాన్ని మళ్లీ తీయడం కుదరదు. ఆ పనిలో జరిగిన జాప్యమే ఈ రంగాన్ని కాపాడింది. 2019లో బిల్ గేట్స్ పెట్టుబడి ఉన్న టెర్రాపవర్ సంస్థ, ఓక్ రిడ్జ్‌లో ఆ యురేనియాన్ని శుద్ధిచేసే ఐసోటెక్‌తో, అమెరికా ఇంధన శాఖతో చేతులు కలిపింది. పారేసే ముందు థోరియం తీసి ఇవ్వాలన్నది ఒప్పందం.

ఈలోగా కొత్త దారులు వెతుకుతున్నారు. మామూలు థోరియం 232 మీద అధిక శక్తి ప్రోటాన్లను ప్రయోగించి, ముక్కల్లోంచి యాక్టీనియం ఏరడం ఒకటి. ఓక్ రిడ్జ్, బ్రూక్‌హేవన్, లాస్ అలమోస్ ప్రయోగశాలలు కలిసి ఇది చేస్తున్నాయి. దిగుబడి బాగానే ఉంది. కానీ దాంతో పాటు యాక్టీనియం 227 కాస్త వస్తుంది. రెండూ యాక్టీనియమే కాబట్టి ఏ రసాయనమూ వాటిని విడదీయలేదు. యాక్టీనియం 227 అర్ధజీవిత కాలం దాదాపు 22 ఏళ్లు. రోగికి అంతగా హాని లేకపోయినా, ఆసుపత్రి చెత్తలో, మురుగు ట్యాంకులో అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వ్యర్థాల లైసెన్సు దగ్గరే చాలా ఆసుపత్రులు ఆగిపోతాయి. రేడియం 226 మీద ఆసుపత్రి స్థాయి సైక్లోట్రాన్‌తోనే ప్రోటాన్లు వేయడం రెండో దారి. ఇందులో 227 రాదు. 29 గంటల అర్ధజీవిత కాలం ఉన్న యాక్టీనియం 226 వస్తుంది గానీ కొన్ని రోజులు ఆగితే అదే పోతుంది. రేడియం నుంచి ఎప్పుడూ ఊరే రేడాన్ వాయువు బయటికి పొక్కకుండా చూసుకోవడమే పెద్ద పరీక్ష.

ఆ రేడియం ఎక్కడ దొరుకుతుంది? గనులు తవ్వి రేడియం తీసే పరిశ్రమ ఎప్పుడో మూతపడింది. ఉన్నదల్లా గత శతాబ్దంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వాడిన రేడియం సూదులు, గొట్టాలు. అర్ధజీవిత కాలం 1600 ఏళ్లు కాబట్టి అవి ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. పలు దేశాల్లో ఇవి వ్యర్థాల గదుల్లో పడున్నాయి. 2021లో అంతర్జాతీయ అణు శక్తి సంస్థ, వాటిని వదిలించుకోవాలనుకునే దేశాలను యాక్టీనియం తయారీదారులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరులో చాలాకాలం రేడియం ఇన్‌స్టిట్యూట్ అన్న మాట ఉండేది. రేడియంతో వైద్యం చేసిన ఆ తరం ఆసుపత్రులు ప్రపంచమంతటా ఉన్నాయి.

మన దేశం ఈ రంగంలో ప్రేక్షకురాలేమీ కాదు. ల్యుటీషియం 177ను భాభా అణు పరిశోధన కేంద్రం ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో తయారుచేస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చంద్రశేఖర్ బాల్ బృందం, ల్యుటీషియంకు లొంగని లేదా దానితో ఇక మెరుగుపడని న్యూరో ఎండోక్రైన్ కణుతుల రోగులు 32 మందికి యాక్టీనియం ఇచ్చిన అనుభవాన్ని 2020లో ప్రచురించింది. ఆ జబ్బులో యాక్టీనియం వాడకం మీద ప్రపంచంలో తొలి వైద్య నివేదికల్లో అది ఒకటి. రోగులున్నారు, వైద్యులున్నారు. యాక్టీనియం మాత్రం విదేశాల నుంచి విమానంలో రావాలి. కల్పాక్కంలో 1996 నుంచి యురేనియం 233తో నడుస్తున్న కామిని అనే చిన్న రియాక్టరు ఉంది. ఆ ఇంధనం తయారుచేయగలిగిన దేశానికి థోరియం 229 అందని పండు కాదు. దాన్ని వైద్యం కోసం వేరుచేయాలనే పట్టుదల కావాలి.

నాకు ఇంకా ఎక్కువ ఆశ కలిగించేది సీసం 212. దీని తల్లి వేరు మామూలు థోరియం 232. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా, కళింగపట్నం అవతలి దాకా ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల సంచాలక సంస్థ వేసిన ఒక లెక్కలో, దేశంలోని కోటీ 19 లక్షల టన్నుల మోనజైట్‌లో 37 లక్షల టన్నులు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. రాష్ట్రాలన్నిటిలోకీ అదే ఎక్కువ. మోనజైట్‌లో సుమారు పదో వంతు థోరియం. దాన్ని వేరుచేసి నిల్వ ఉంచిన సరుకు కేరళలోని ఉద్యోగమండల్‌లో ఏళ్ల తరబడి ఉంది. అలా నిల్వ ఉన్న థోరియంలో థోరియం 228, దాని నుంచి రేడియం 224, దాని నుంచి సీసం 212 ఊరుతూ ఉంటాయి. సీసం 212 అర్ధజీవిత కాలం 10.6 గంటలు. అది బిస్మత్ 212గా మారి ఒకే ఒక ఆల్ఫా విడుస్తుంది. కాబట్టి యాక్టీనియంతో పోలిస్తే దారి తప్పే సంతానం బెడద తక్కువ. ఫ్రాన్స్‌లో ఓరనో మెడ్ అనే సంస్థ లిమూజాఁ ప్రాంతంలోని బెస్సీన్ పట్టణంలో పాత థోరియం నిల్వల నుంచి సరిగ్గా ఈ పనే చేస్తోంది. ఆ సీసంతో చేసిన మందుకు 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ప్రత్యేక ప్రాధాన్య గుర్తింపు ఇచ్చింది.

దీనికి కొత్త రియాక్టరు అక్కర్లేదు, పెద్ద యాక్సిలరేటరూ అక్కర్లేదు. థోరియం రసాయనం తెలిసినవాళ్లు కావాలి. వాళ్లు ముంబయిలో, కల్పాక్కంలో, హైదరాబాద్‌లో ఉన్నారు. రేడియం 224 అర్ధజీవిత కాలం 3.6 రోజులు. సాయంత్రం ముంబయిలో ఒక చిన్న జనరేటరులో నింపి పంపితే, మర్నాడు ఉదయం విశాఖపట్నంలోనో తిరుపతిలోనో ఆసుపత్రి వాళ్లే దాని నుంచి సీసం తీసుకుని, ఆ పూట రోగికి ఇవ్వవచ్చు.